నెలాఖరు రిపోర్టు ముచ్చట్లు

చెల్లెళ్ళూ, ఈసారి కాసేపు ఆఫీసు ముచ్చట్లు చెప్పుకుందాం. ఎంఐఎస్‌లోనో, ఫైనాన్స్‌లోనో, సేల్స్ లెక్కల్లోనో పనిచేసే అమ్మాయిలకి నెలాఖరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంటికి ఫోన్ చేసి "మీరు తినేయండి, నాకు లేటవుతుంది" అని చెప్పే రోజులవి. ఆ లేటు చాలావరకు చార్ట్ గీయడంలో అయ్యేది కాదు. డేటా డంప్ తెరిచినప్పుడే దొర్లిన తప్పుల్ని ఆఖర్న వెతుక్కోవడంలో అయ్యేది. అందుకే బొమ్మల సంగతి తర్వాత. ముందు తేదీలు.

05/06/2025 అంటే మనకి జూన్ 5. నీ ల్యాప్‌టాప్ అమెరికా సెట్టింగులతో ఉంటే ఎక్సెల్ దాన్ని మే 6 అని చదువుకుంటుంది. నీకు ఒక్క మాటైనా చెప్పదు. జూన్ అమ్మకాల సీఎస్‌వీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచావనుకో, 1వ తేదీ అమ్మకం జనవరి 6కి పోతుంది, 2వ తేదీది ఫిబ్రవరి 6కి, అలా వరసగా 12వ తేదీది డిసెంబర్ 6కి చేరుతుంది. 6వ తేదీ ఒక్కటే తన చోట తను ఉంటుంది. 13 నుంచి 30 దాకా ఉన్నవి, పదమూడో నెలంటూ లేదు కాబట్టి, తేదీలు కాలేక ఉత్త టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. ఇక ఆ కాలమ్ మీద పివట్ వేసి నెలలవారీగా గ్రూప్ చేయబోతే కుదరదంటుంది, ఎందుకో అర్థంకాక గంట గడిచిపోతుంది.

గుర్తుపట్టడం తేలికే. కాలమ్‌ని కాస్త వెడల్పు చేసి చూడు. నువ్వు అలైన్‌మెంట్ మార్చకపోతే అసలు తేదీలు కుడిపక్కకి, టెక్స్ట్ ఎడమపక్కకి ఉంటాయి. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ కనిపిస్తే ఆ ఫైల్‌ని సేవ్ చేయకుండా మూసెయ్. ఎడమపక్కవాటిని సరిచేసి సంతోషపడేవాళ్ళని చూశాను. కానీ మొదటి పన్నెండు రోజుల్లో తారుమారైనవన్నీ కుడిపక్కన శుభ్రంగా కూర్చుని ఉంటాయి, వాటి మీద ఎవరికీ అనుమానమే రాదు.

మరేం చేయాలంటే, కొత్త వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నుంచి ఆ ఫైల్‌ని తీసుకో. 'ట్రాన్స్‌ఫామ్ డేటా' నొక్కితే పవర్ క్వెరీ తెరుచుకుంటుంది. తేదీ కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, 'ఛేంజ్ టైప్'లో అట్టడుగున ఉండే 'యూజింగ్ లొకేల్'కి వెళ్ళి, డేట్ అనీ, ఇంగ్లీష్ ఇండియా అనీ ఎంచుకో. ముందున్న స్టెప్ తీసేసి ఇది పెట్టనా అని అడుగుతుంది. 'రీప్లేస్ కరెంట్' అనే చెప్పు. 'యాడ్ న్యూ' అన్నావంటే ముందే తప్పుగా చదివేసిన తేదీల మీద ఇంకో పొర వేసినట్టే. ఇదంతా ఒక్కసారే. వచ్చే నెల అదే ఫోల్డర్‌లో అదే పేరుతో కొత్త ఫైల్ పెట్టి రిఫ్రెష్ కొడితే చాలు.

ఇది మన దగ్గరే ఉన్న గొడవ అనుకోకు. మార్చ్1 అని ఒక మానవ జన్యువుకి పేరుండేది. శాస్త్రవేత్తలు ఆ పేరు టైప్ చేయగానే ఎక్సెల్ దాన్ని మార్చి ఒకటో తారీఖు చేసేసేది. చివరికి జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీయే దాన్ని మార్చ్ఎఫ్1గా మార్చి, 2020లో కొత్త నియమాలు ప్రకటించింది. 2023లో మైక్రోసాఫ్ట్ కూడా ఒక వెసులుబాటు ఇచ్చింది: కొత్త వెర్షన్లలో ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో ఈ ఆటోమేటిక్ మార్పుల్ని ఆపుకోవచ్చు. ఎంప్లాయీ కోడ్‌ల ముందు సున్నాలు ఎగిరిపోకుండా ఉండాలన్నా అదే చోటు. ఎక్సెల్ అంకెల్లో పదిహేను స్థానాలే గుర్తుపెట్టుకుంటుంది, పదహారు అంకెల కార్డు నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది. కాబట్టి లెక్కల్లోకి రాని నంబర్లన్నిటినీ మొదటే టెక్స్ట్‌గా తెచ్చుకో.

ఇంకొక్క అలవాటు చేసుకో తల్లీ. డంప్ పంపినవాళ్ళని "మొత్తం ఎన్ని వరసలు, మొత్తం ఎన్ని రూపాయలు" అని అడిగి, నీ షీట్‌లో వచ్చినదానితో సరిపోల్చుకున్నాకే పని మొదలుపెట్టు. 2020 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయిన సంగతి బయటపడింది. కారణం, ల్యాబుల డేటాని 65,536 వరసలు మాత్రమే పట్టే పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో పోయడం. ఇప్పటి ఫైల్‌లో 10,48,576 వరసలు పడతాయి, అయినా అడగడం మానకు.

వీలుకప్ పెడితే కళ్ళెదుట ఉన్న పేరే దొరకలేదంటుందా? పేరు చివర కనపడని స్పేస్ ఉండి ఉంటుంది. ట్రిమ్ వాడు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన పేర్లకి ట్రిమ్ కూడా లొంగదు, ఎందుకంటే ఆ స్పేస్ వేరే రకం, దాని నంబర్ 160. సబ్‌స్టిట్యూట్‌తో దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, అప్పుడు ట్రిమ్ చెయ్. డేటా మొత్తాన్ని కంట్రోల్ టి కొట్టి టేబుల్ చేసేసుకుంటే, కింద కొత్త వరసలు చేరినప్పుడల్లా ఫార్ములాలూ చార్టులూ వాటంతటవే సాగుతాయి.

ఇక లక్షలూ కోట్లూ. 12,345,678 అని కామాలు పెట్టి చూపిస్తే మన మేనేజర్లు వేలుపెట్టి అంకెలు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. కంట్రోల్ 1 కొట్టి, కస్టమ్‌లో ఇది రాసుకో:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

అదే అంకె 1,23,45,678గా కనిపిస్తుంది. నష్టాల కాలమ్‌కి మాత్రం ఇది సరిపోదు, మైనస్ అంకెలకి లక్షల కామాలు పడవు.

ఇప్పుడు బొమ్మలు. తెలంగాణలోని 33 జిల్లాల అమ్మకాలు చూపించాలనుకో. పై చార్ట్ జోలికి పోకు, 33 ముక్కల్లో ఏది ఏదో దేవుడికే తెలియాలి. నిలువు కాలమ్‌లూ వద్దు: జయశంకర్ భూపాలపల్లి, కొమురం భీం ఆసిఫాబాద్ లాంటి పేర్లు కింద ఏటవాలుగా వాలిపోతాయి, చదివేవాళ్ళు మెడ వంచాలి. అడ్డంగా ఉండే బార్ చార్ట్ వెయ్. ముందు డేటాని పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చెయ్. అయినా చార్ట్‌లో తలకిందులుగా వస్తుంది, గాభరాపడకు. పేర్లున్న యాక్సిస్ ఫార్మాట్‌లోకి వెళ్ళి 'క్యాటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్' టిక్ చేస్తే సరిపోతుంది. గ్యాప్ విడ్త్ 50 శాతం దగ్గర పెడితే బార్లు ఒద్దికగా ఉంటాయి.

తర్వాత బార్లన్నిటికీ బూడిద రంగు వేసెయ్. నువ్వు చెప్పదలుచుకున్నది ఖమ్మం గురించైతే ఆ ఒక్క బార్‌ మీద రెండుసార్లు విడివిడిగా క్లిక్ చేసి ముదురు రంగు వెయ్. గ్రిడ్ గీతలు తీసేసి, అంకెల్ని బార్ చివరే పెట్టు. టైటిల్‌లో "జిల్లాలవారీ అమ్మకాలు" అని రాస్తే చూసేవాళ్ళకి కొత్తగా తెలిసేదేముంది? "ఖమ్మం రెండు నెలలుగా తగ్గుతోంది" అని రాయి. అంకె నెలనెలా మారేదైతే టైటిల్‌ని ఎంచుకుని, ఫార్ములా బార్‌లో ఈక్వల్ కొట్టి, ఆ వాక్యం ఉన్న సెల్ మీద క్లిక్ చెయ్. సెల్ మారితే టైటిల్ మారుతుంది. నన్నడిగితే చార్టుల్లో ఇంతకన్నా అక్కరకొచ్చే చిట్కా లేదు.

బార్ చార్ట్ యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి, ఇందులో నేను రాజీపడను. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే పైనుంచి మొదలుపెడుతుంది. యాక్సిస్ 95 దగ్గర మొదలైతే 98 బార్ 96 బార్‌కి మూడింతలు కనిపిస్తుంది. ఎవరి పనితీరునో ఆ బొమ్మ చూసి తూకం వేస్తారు, అది అన్యాయం. లైన్ చార్ట్‌కి ఇంత పట్టుదల అక్కర్లేదు. దానికి వేరే చిక్కుంది: ఇంకా రాని నెలలకి ఫార్ములా ఖాళీ కొటేషన్లు ఇస్తే గీత సున్నాకి కూలిపోతుంది. అక్కడ ఎన్ఏ ఫంక్షన్ పెట్టు, గీత ఉన్నంతవరకే ఆగుతుంది.

నచ్చేలా తయారైన చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి 'సేవ్ యాజ్ టెంప్లేట్' చేసుకో, పై నెల రంగులు మళ్ళీ దిద్దక్కర్లేదు.

ఆ చార్ట్‌ని పవర్‌పాయింట్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగు. పేస్ట్ ఆప్షన్లలో 'ఎంబెడ్ వర్క్‌బుక్' అని ఉన్నదాన్ని ఎంచుకుంటే చార్ట్‌తో పాటు నీ వర్క్‌బుక్ మొత్తం స్లైడ్ వెనకాల చేరుతుంది. అందులో పక్క షీట్‌లో జీతాలున్నా, కస్టమర్ల ఫోన్ నంబర్లున్నా, పీపీటీ అందుకున్న ఎవరైనా చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్ డేటాలోకి వెళ్ళి చూసుకోవచ్చు. బయటికి పంపే ఫైలైతే ఆ వరసలోనే 'పిక్చర్' అని ఉంటుంది, అదే ఎంచుకో.