కానరాని ఫైలు

అది 2017వ సంవత్సరము. అప్పుడు నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. పిల్లల మార్కుల పట్టికలను మఱునాటి యుదయమునకు పంపవలసియుండెను. సాయంకాలము కంప్యూటరుపై మార్కుల ప్రోగ్రామును తెఱవబోగా నది తెఱచుకొనలేదు. ఎమ్.ఎస్.వి.సి.పి.140.డి.ఎల్.ఎల్. అను ఫైలు కానరాలేదని తెరపై కనబడెను.

ప్రక్కనున్న ఎనిమిదవ తరగతి బాలుడు, "మాస్టారూ! ఆ పేరుగల ఫైలును ఇంటర్నెట్టులో వెదకి తెత్తునాండీ?" అని యడిగెను. నేను సరే యనబోతిని. ఇంతలో మా కంప్యూటరు ఉపాధ్యాయురాలు, "వలదండీ! ముందుగా ఆ ఫైలెవరిదో తెలిసికొందము" అని వారించెను. ఆనాడు ఆమె చెప్పిన సంగతులివి.

తెరపై బొమ్మలు చూపుట, లెక్కలు కట్టుట మున్నగు పనులు అనేక ప్రోగ్రాములకు సమానములు. ప్రతి ప్రోగ్రామును వానిని వేఱువేఱుగా దాచుకొన్నచో స్థలము వ్యర్థమగును. కావున అట్టి పనుల నొక ఉమ్మడి ఫైలులో నుంతురు. అవసరమైనప్పుడు ప్రోగ్రాములు దానిని పిలుచుకొనును. విండోసునందు వీనికి డి.ఎల్.ఎల్. అని పేరు. 1985లో వెలువడిన మొదటి విండోసునందే యీ పద్ధతి కలదు. లినక్సునందు ఇట్టి ఫైళ్లను ఎస్.ఓ. ఫైళ్లందురు.

పాఠశాల గ్రంథాలయమునందలి ఒకే నిఘంటువును అన్ని తరగతులవారును చూచుచుందురు గదా! అది పోయినచో అందఱి పాఠములును ఆగును. పుటలు చెదలు తిన్నచో అర్థము తప్పును. దాని స్థానమున ప్రాత కూర్పు నుంచినచో క్రొత్త పదములు దొరకవు. ఉమ్మడి ఫైలునకును ఈ మూడు ఆపదలు కలవు.

ఒక ప్రోగ్రామును తొలగించునప్పుడు దానితోపాటు ఉమ్మడి ఫైలును పోవచ్చును. వైరసులను పట్టు ప్రోగ్రాము అనుమానించి దానిని వేఱుచేయవచ్చును. వ్రాయుచుండగా కరెంటు పోయినను, డిస్కు అరిగినను ఫైలు చెడును. వేఱొక ప్రోగ్రాము తన ప్రాత ఫైలును దానిపై వ్రాయుటయు కలదు. 1990వ దశకమున ఈ చిక్కు ఎంతగానో బాధించుటచే దీనిని "డి.ఎల్.ఎల్. నరకము" అని పిలిచిరి. విండోసు 2000 నుండి ముఖ్యమైన ఫైళ్లకు రక్షణ కల్పింపబడెను.

మఱి ఆ బాలుని యుపాయమున దోషమేమి? ఉమ్మడి ఫైలునకు దానిని పిలిచిన ప్రోగ్రామునకు గల అధికారములన్నియు సంక్రమించును. తెలియని చోటినుండి తెచ్చిన ఫైలులో వైరసు దాగియున్నచో పిల్లల మార్కులన్నియు దాని చేతిలో పడును. వైరసు లేకున్నను, 32 బిట్ల ప్రోగ్రామునకు 64 బిట్ల ఫైలు పనికిరాదు.

కనుక ఫైలు పేరునుబట్టి దాని యింటిని గుర్తింపవలెను. ఆ ఫైలు మైక్రోసాఫ్టువారి విజువల్ సి ప్లస్ ప్లస్ ఉమ్మడి ఫైళ్ల సంపుటములోనిది. ఉపాధ్యాయురాలు ఆ సంపుటమును మైక్రోసాఫ్టువారి స్వంత స్థలమునుండియే తెచ్చి నెలకొల్పెను. మార్కుల ప్రోగ్రాము తెఱచుకొనెను. విండోసుయొక్క సొంత ఫైలే చెడినచో ఎస్.ఎఫ్.సి. అను ఆజ్ఞతో సరిచూడవచ్చుననియు, ముఖ్యమైన లెక్కలకు ఎల్లప్పుడు వేఱొకచోట నకలుండవలెననియు ఆమె చెప్పెను.

బాలుడు తలయూపి, "తొందరలో దొరికినదెల్ల మందు కాదన్నమాట!" అనెను. పట్టికలు ఆ రాత్రియే సిద్ధమయ్యెను. ఆ మాటను నేనును మఱువలేదు.