నిలకడలోని కదలిక

ఒక ఆదివారం సాయంత్రం టాంపినీస్‌లో మన భవనం కింద రాతిబల్లపై కూర్చున్నామనుకుందాం. మనం కదలడం లేదని ప్రమాణం చేసి చెప్పగలం. కాని భూమధ్యరేఖ పొడవు సుమారు 40,000 కిలోమీటర్లు. భూమి ఒకసారి తిరగడానికి 24 గంటలు. సింగపూరు ఆ రేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉన్నది గనుక, మనం గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు సాగుతున్నాం. బల్లా, భవనమూ, గాలీ మనతోపాటే వస్తుండటం వల్ల ఆ సంగతి తెలియదు. పడవలో పోయేవానికి ఒడ్డు వెనక్కు పోతున్నట్లు తోచే విధంగానే నక్షత్రాలు పడమరకు పోతున్నట్లు కనిపిస్తాయని ఆర్యభటుడు పదిహేను శతాబ్దాల క్రితమే వివరించాడు.

రసాయనశాస్త్రం మరొక అడుగు లోపలికి వేస్తుంది. వేడి మారని గదిలో, సగం నీరు నింపి గట్టిగా మూత పెట్టిన సీసాను ఉంచండి. నీటిమట్టం మారదు. అయినా ప్రతి క్షణం అసంఖ్యాకమైన అణువులు నీటిని విడిచి ఆవిరిలోకి పోతుంటాయి. అన్నే అణువులు ఆవిరినుండి నీటిలోకి తిరిగి వస్తుంటాయి. దీనిని గతిక సమతాస్థితి అంటారు.

దేవుని ముందు దీపం ఇటువంటిది కాదు. గాలి లేనిచోట జ్వాల చెక్కినట్లు నిలుస్తుంది. కాని ఈ క్షణంలో జ్వాలలో ఉన్న పదార్థం మరుక్షణం ఉండదు. నూనె, ఆక్సిజన్ వచ్చి చేరుతుంటాయి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెలుపలికి పోతుంటాయి. సీసాకు బయటినుండి ఏమీ అక్కరలేదు. దీపానికి మాత్రం నూనె నిండుకుంటే నిలకడే లేదు. ఇది స్థిరస్థితి.

మన దేహం దీపం వంటిదే. 1930లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో షోయెన్‌హైమర్ బృందం, బరువు మారని పెద్ద ఎలుకలకు నత్రజని-15 గుర్తుగా గల అమైనో ఆమ్లాన్ని తినిపించింది. ఆ నత్రజనిలో సగానికి పైగా దేహంలోని ప్రోటీన్లలో చేరిపోయింది. బరువు మారలేదు; పదార్థం మారింది.

ఈ మార్పులకు శక్తినిచ్చే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో లోమన్, అదే యేడు దానిని గుర్తించారు. ఏ క్షణంలో చూసినా మన ఒంట్లో అది కొద్దిగానే ఉంటుంది. కాని అదే పదార్థం రోజుకు వందలసార్లు విడిపోయి మళ్లీ కూడుతుంది. ఇరవైనాలుగు గంటల్లో అలా తయారయ్యేది దాదాపు మనిషి బరువంత ఉంటుందని అంచనా. అన్నమూ, ఊపిరీ ఆగితే ఈ చక్రమూ ఆగుతుంది.

ప్రవాసంలో ఉన్న మనం తెలుగును ఉన్నదున్నట్లు నిలుపుకోవాలని కోరుకుంటాం. ఇల్లు విడిచిననాటి మాటలకు మూత బిగించి దాచుకుంటే అవి చెడకుండా ఉంటాయని భ్రమపడతాం. పిల్లల నోట కొత్త మాట దొర్లితే కలవరపడతాం. భాష సీసాలోని నీరు కాదు, దీపం. మాటలు వస్తాయి, పోతాయి. అది దాని ప్రాణలక్షణం. భయపడవలసినది నూనె నిండుకోవడానికే. ఇక్కడ మన పిల్లలలో చాలామంది బడిలో మాతృభాషగా తమిళమో హిందీయో చదువుతారు. కనుక ఆ నూనె ఇంట్లోనే, రాత్రి భోజనాల వేళ, మనమే పోయాలి.