సాంచాల ఇంటి నుంచి గ్యాడ్జెట్ల డిజైన్‌కు: సూరత్ తెలుగు యువతకు ఒక మంచి దారి

సూరత్ రింగ్‌రోడ్డు మార్కెట్లో ఒకే దారంతో, ఒకే నేతతో తయారైన రెండు జార్జెట్ చీరలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి రోజుల్లోనే అమ్ముడుపోతుంది. రెండోది సీజన్ ముగిసినా కదలదు. తేడా రంగులో ఉందో, బుటా సైజులో ఉందో, మెరుపులో ఉందో లింబాయత్‌లోనో ఉధ్నాలోనో సాంచాల (మరమగ్గాల) చప్పుడు వింటూ పెరిగిన పిల్లలు చూడగానే చెప్పగలరు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి స్థిరపడిన మన నేత కుటుంబాల్లో ఈ చూపు తరాలుగా ఉంది. దీన్ని చాలామంది చదువుగా లెక్కపెట్టరు. కానీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచీలు, స్పీకర్లు తయారుచేసే కంపెనీలకు ఇదే చూపు ఉన్నవారు కావాలి.

ఒకే ధరలో దొరికే ఇయర్‌బడ్స్ లోపలి భాగాలు ఇప్పుడు చాలావరకు ఒకేలా ఉంటున్నాయి. అప్పుడు కొనేవారి చేయి ఏ డబ్బా వైపు వెళ్తుందన్నది రంగు, పదార్థం, పైపూత నిర్ణయిస్తాయి. ఆ మూడింటినీ తీర్చిదిద్దడం ఒక పూర్తిస్థాయి వృత్తి. పరిశ్రమలో దాన్ని కలర్, మెటీరియల్, ఫినిష్ డిజైన్ అంటారు. క్లుప్తంగా సీఎంఎఫ్. ఈ రంగానికి సూరత్ నుంచి ఎలా వెళ్లాలో చూద్దాం.

అందానికి అంత బలం ఎందుకు?

1995లో జపాన్‌లోని హిటాచీ డిజైన్ కేంద్రానికి చెందిన కురోసు, కషిమురా ఏటీఎం తెరల మీద ఒక పరిశీలన చేశారు. బటన్లు, అంకెల అమరికను రకరకాలుగా మార్చి చూపించి అభిప్రాయాలు అడిగారు. అందంగా కనిపించిన అమరికలే వాడటానికి కూడా తేలిక అని జనం భావించారు. తర్వాత ఇజ్రాయెల్ పరిశోధకుడు ట్రాక్టిన్‌స్కీ తన దేశంలో పరీక్షిస్తే అక్కడా అదే తేలింది. చూడగానే నచ్చిన వస్తువు మీద మనకు నమ్మకం కుదురుతుంది, దాని చిన్న లోపాలను ఓర్చుకుంటాం.

అయితే ఈ నమ్మకం మొదటి కొనుగోలు వరకే పనిచేస్తుంది. పూత ఆరు నెలల్లో లేచిపోతే అదే మనిషి ఆ బ్రాండు జోలికి మళ్లీ పోడు. అందుకే మంచి స్టైల్ వెనుక గట్టి ఇంజినీరింగ్ ఉంటుంది. 2002లో టైటాన్ తెచ్చిన ఎడ్జ్ వాచీ మందం 3.5 మిల్లీమీటర్లు. అంత పల్చగా కనిపించాలంటే లోపలి యంత్రాన్ని 1.15 మిల్లీమీటర్లకు కుదించాల్సి వచ్చింది. ఆ నాజూకుతనాన్ని డిజైనర్, ఇంజినీర్ కలిసి సాధించారు. ఈ వృత్తిలోకి వచ్చేవారు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

సూరత్ నేర్పే మూడు పాఠాలు

మొదటిది బట్ట. 2016లో గూగుల్ హోమ్ స్పీకర్ కింది భాగానికి బట్ట తొడుగు వేసింది. మరుసటి ఏడాది వచ్చిన హోమ్ మినీకి పైభాగమంతా బట్టే. ఆ బట్ట గదిలోని సోఫాకు, కర్టెన్‌కు కలిసిపోవాలి, దుమ్ము పట్టకూడదు, ముఖ్యంగా శబ్దాన్ని అడ్డుకోకూడదు. 2016లోనే యాపిల్ వాచీకి నేసిన నైలాన్ పట్టీ వచ్చింది. అందులో 500కు పైగా పోగులను నాలుగు పొరలుగా నేశారు. పడుగు, పేక సాంద్రత మారితే బట్ట బిగువు, గాలి పోకడ ఎలా మారతాయో మీ ఇంట్లో పెద్దవాళ్లకు అనుభవంతో తెలుసు. డిజైన్ స్టూడియోల్లో ఆ విషయాన్నే పుస్తకాలతో, నమూనాలతో నేర్చుకుంటారు.

రెండోది రంగు. పాండేసరా అద్దకం మిల్లుల్లో షేడ్ మ్యాచింగ్ చేసేవారిని గమనించండి. గుడ్డ ముక్కను లైట్ బాక్సులో పెట్టి, పగటి వెలుతురు కింద ఒకసారి, దుకాణంలో వాడే ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూస్తారు. ఒక వెలుతురులో కలిసిన రెండు రంగులు మరోదానిలో విడిపోవచ్చు. ఫోన్ తయారీలోనూ ఇదే తలనొప్పి. అంచు అల్యూమినియం, వెనక గాజు, బటన్ ప్లాస్టిక్. మూడూ ఒకే నీలం అనిపించాలి. అల్యూమినియానికి రంగు పట్టించే పద్ధతి కూడా అద్దకానికి దగ్గరి చుట్టమే. విద్యుత్ రసాయన చర్యతో లోహం మీద సన్నని రంధ్రాలున్న పొరను పెంచి, ఆ రంధ్రాల్లోకి రంగును ఇంకించి, తర్వాత వాటిని మూసేస్తారు. దీని పేరు అనోడైజింగ్.

మూడోది కోత. వరాఛా, కతార్‌గామ్‌లలో వజ్రాలు సానపట్టే రత్నకళాకారులు రౌండ్ బ్రిలియంట్ రాయికి 57 ముఖాలు తీరుస్తారు. ఒక్క ముఖం వాలు తప్పినా వెలుగు కింది నుంచి జారిపోయి రాయి మసకగా కనిపిస్తుంది. గ్యాడ్జెట్ అంచు మీద వెలుగు ఎలా పరుగెత్తాలి అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. 2012లో వచ్చిన ఐఫోన్ 5 అంచుల్లోని ఏటవాలు మెరుపును వజ్రపు పనిముట్టుతోనే కోశారు. గూగుల్ హార్డ్‌వేర్ డిజైన్‌కు నాయకత్వం వహించిన ఐవీ రాస్ కెరీర్ మొదలైంది నగల డిజైన్‌తోనే. నగల నుంచి గ్యాడ్జెట్లకు దారి ఉందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఎలాంటి ఉద్యోగాలు?

వస్తువు మొత్తం రూపాన్ని, వాడుకను ఆలోచించేవారు ఇండస్ట్రియల్ డిజైనర్లు. రంగులు, పదార్థాలు, పూతలు ఎంచి, వాటి ప్రామాణిక నమూనాలు సిద్ధం చేసేవారు సీఎంఎఫ్ డిజైనర్లు. పట్టీలు, కేసులు, బ్యాగులు చూసేవారు యాక్సెసరీ డిజైనర్లు. గీతను కంప్యూటర్లో కచ్చితమైన ఉపరితలంగా మార్చేవారు క్యాడ్ మోడలర్లు. ప్లాస్టిక్ భాగాలకు అచ్చులు తీర్చేవారు టూల్ డిజైనర్లు. ఫ్యాక్టరీలో గీతలు, మరకలు, రంగు తేడాలు పట్టుకునే నాణ్యతా నిపుణుల అవసరం కూడా ఎక్కువే. గురుగ్రామ్, బెంగళూరుల్లోని వేరబుల్, వాచీ బ్రాండ్లు, స్వతంత్ర డిజైన్ స్టూడియోలు డిజైన్ ఉద్యోగాలకు అవకాశాలిస్తాయి. శ్రీసిటీ, హైదరాబాద్ శివారు కొంగర కలాన్ లాంటి తయారీ కేంద్రాలు టూలింగ్, నాణ్యత విభాగాలు నేర్చినవారికి ఉపయోగపడతాయి.

మీ చదువును బట్టి దారి

పదో తరగతి అయితే: హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్లది. సిపెట్ సంస్థల్లో ప్లాస్టిక్స్ మౌల్డ్ టెక్నాలజీ డిప్లొమా మూడేళ్లది. త్వరగా సంపాదన అవసరమైన కుటుంబాలకు ఇవి నమ్మదగిన దారులు.

ఇంటర్ లేదా పన్నెండో తరగతి అయితే: బీడెస్ (బ్యాచిలర్ ఆఫ్ డిజైన్) నాలుగేళ్ల కోర్సు. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే వంటి సంస్థల కోసం యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ ఏ గ్రూపువారైనా అర్హులే. అహ్మదాబాద్, ఆంధ్రప్రదేశ్‌లలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లకు డాట్ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలో ఇండస్ట్రియల్ డిజైన్‌తో పాటు టెక్స్‌టైల్ అండ్ అపెరల్ డిజైన్ కూడా ఉంది. నేత నేపథ్యం ఉన్నవారు దీన్ని తప్పక పరిశీలించాలి. గాంధీనగర్, హైదరాబాద్‌లలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ (నిఫ్ట్)లలో యాక్సెసరీ డిజైన్ ఉంది. దరఖాస్తులు సాధారణంగా ఏడాది చివరి నెలల్లో మొదలై, పరీక్షలు చలికాలంలో జరుగుతాయి. తేదీలు ఏటా అధికారిక వెబ్‌సైట్లలో సరిచూసుకోండి.

ఇంజినీరింగ్ లేదా డిగ్రీ అయితే: సీడ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎండెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) చేయవచ్చు. ఎన్‌ఐడీ ఎండెస్‌కు ప్రత్యేకంగా డాట్ ఉంటుంది.

సూరత్ వదలలేనివారైతే: 1978లో ఏర్పాటైన ఇండియన్ డైమండ్ ఇన్‌స్టిట్యూట్ కతార్‌గామ్‌లో ఉంది. అక్కడి నగల డిజైన్, క్యాడ్ శిక్షణ చేతికి కచ్చితత్వం నేర్పుతుంది. పని చేసుకుంటూనే త్రీడీ మోడలింగ్ వస్తే వాచీ కేసులు, పట్టీల డిజైన్ వైపు మళ్లడం సాధ్యమే.

ఒక మాట మాత్రం సూటిగా చెప్పాలి. పేరున్న సంస్థల్లో సీట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. స్కాలర్‌షిప్పులు, ఫీజు రాయితీల వివరాలు దరఖాస్తుకు ముందే చదవండి. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమం బడుల్లో చదివినవారు ఇంగ్లీషు ప్రశ్నపత్రానికి ఏడాది ముందు నుంచే అలవాటు పడాలి. గీయగలిగే చేతికి భాష అడ్డు కాకూడదు.

పోర్ట్‌ఫోలియో ఎలా కట్టాలి?

సర్టిఫికెట్ల కన్నా మీ పనిని చూపే పోర్ట్‌ఫోలియోనే ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండా, సూరత్‌లోనే మూడు నెలల్లో చేయగల ఒక ప్రాజెక్టు చెబుతాను.

సాంచాల దగ్గర మిగిలిన దారంతో వాచీ పట్టీలు నేయండి. 20, 22 మిల్లీమీటర్ల వెడల్పులు మార్కెట్లో ఎక్కువగా వాడేవి. నేత బిగువు మారుస్తూ నాలుగైదు రకాలు తీయండి. ఒకటి ఇంట్లో వంట చేసేవారికి, ఒకటి డ్యూటీలో చెమటోడ్చేవారికి, ఒకటి కాలేజీ స్నేహితులకు ఇచ్చి వాడమనండి. చెమటకు రంగు దిగిందా, అంచు పోగులు లేచాయా, ఉతికితే కుంచించుకుపోయిందా, బకిల్ లోహం చర్మానికి పడిందా? నికెల్ ఉన్న లోహాలతో కొందరికి దద్దుర్లు వస్తాయి, అది కూడా అడగండి. ప్రతి నమూనాకూ ఫొటో తీసి, వాడినవారి మాటలను వారి మాటల్లోనే రాసి పెట్టండి. విఫలమైన పట్టీలను పారేయవద్దు. ఏది ఎందుకు ఆగిందో, తర్వాత ఏం మార్చారో చూపించే పేజీ మీద ఇంటర్వ్యూ చేసేవారి చూపు నిలుస్తుంది.

దీనికి తోడు రోజూ ఒక వస్తువును చేత్తో గీయండి. పాత ఫోన్లు విప్పి భాగాల అతుకులు, బటన్ నొక్కుడు, ప్లాస్టిక్ గరుకుదనం గమనించి రాయండి. యూసీడ్‌లో డ్రాయింగ్ భాగం కూడా ఉంటుంది, కాబట్టి ఈ అలవాటు రెండు విధాలా పనికొస్తుంది.

కాపీ కొట్టవద్దు

ఒక చీర బాగా పోతే వారం తిరిగేసరికి పది షాపుల్లో అదే డిజైన్ కనిపించడం మన మార్కెట్‌కు కొత్తేమీ కాదు. పోర్ట్‌ఫోలియోలో ఆ అలవాటు పనికిరాదు. మన దేశంలో 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద వస్తువు రూపాన్ని నమోదు చేసుకుంటే పదేళ్లు, మరో ఐదేళ్లు పొడిగింపుతో మొత్తం 15 ఏళ్ల రక్షణ ఉంటుంది. ఒక జాగ్రత్త: నమోదుకు ముందే బయటపెట్టిన డిజైన్‌కు కొత్తదనం పోయిందని దరఖాస్తు తిరస్కరించే వీలుంది. నిజంగా విలువైన ఆలోచన ఉంటే సోషల్ మీడియాలో పెట్టకముందే దరఖాస్తు సంగతి చూసుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా అని అడిగే ముందు, మీరు నేసిన చీరను అమ్మింది అందులోని డిజైనే కదా అని ఒక్కసారి ఆలోచించండి. మీ చేతుల్లో ఉన్న పనితనం మీ పిల్లల చేతికి కొత్త రూపంలో రావాలంటే మీ సాయం కావాలి. పగటి వెలుతురులో ఒక షేడ్‌ను ఎలా చూడాలో, బిగువును వేళ్లతో ఎలా పోల్చుకోవాలో వారికి చూపించండి. విద్యార్థులూ, ఈ ఆదివారం నాన్నను అడిగి దారం కండెలు నాలుగు తెచ్చుకోండి, మొదటి పట్టీ మొదలుపెట్టండి. యూసీడ్, డాట్, నిఫ్ట్ వెబ్‌సైట్లలో పాత ప్రశ్నపత్రాలు ఉంటే దించుకుని, రోజుకొక ప్రశ్న చొప్పున సాధన చేయండి.