వద్దన్నవాళ్ల లెక్క

కొత్త ఆలోచన చెబితే పైవాళ్లు కొట్టిపారేశారని బాధపడేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ‘మా మేనేజరుకి ముందుచూపు లేదండీ’ అని నలుగురితో అనేసరికి ఆ బాధ చల్లారుతుంది, ఆలోచనా చల్లారుతుంది. వద్దన్నవాణ్ణి తెలివితక్కువవాడి కింద జమకట్టడంలో ఓ సుఖం ఉంది. ఆ తర్వాత మనం చెయ్యాల్సింది ఏమీ మిగలదు. కానీ వద్దనేవాడికీ ఓ లెక్క ఉంటుంది. ఆ లెక్క కనుక్కోకుండా ఎంత గొప్ప ఆలోచననైనా గడప దాటించడం కష్టం.

అమెరికాలో రోచెస్టర్‌లోని కొడాక్ కంపెనీలో 1973లో స్టీవెన్ శాసన్ అనే కుర్ర ఇంజనీరు చేరాడు. వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మార్చే కొత్త రకం చిప్ ఒకటి అప్పుడే మార్కెట్లోకి వచ్చింది. అది మనకేమైనా పనికొస్తుందేమో చూడమని పై అధికారి అతనికి అప్పజెప్పాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోని పని. శాసన్ సినిమా కెమెరాలు తయారయ్యే చోట పడి ఉన్న లెన్సు ఒకటి ఏరుకొచ్చాడు. దానికి పదహారు బ్యాటరీలు, పాటలు రికార్డు చేసుకునే క్యాసెట్ యంత్రం లాంటిది ఒకటి తగిలించాడు. 1975 డిసెంబరు నాటికి మూడున్నర కిలోలు దాటిన ఓ పెట్టె తయారైంది. అదే మొదటి డిజిటల్ కెమెరా అంటారు. ఫొటో నలుపు తెలుపుల్లో వస్తుంది. అందులో ఉండేది పదివేల చుక్కలు. ఒక్క ఫొటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పడుతుంది. చూడాలంటే టీవీ కావాలి.

మొదట ల్యాబులో పనిచేసే ఒకమ్మాయిని ఫొటో తీశారు. తెర మీద జుట్టు తెలుస్తోంది, వెనక గోడ తెలుస్తోంది, ముఖం మాత్రం చెదిరిపోయింది. ఇంకా పని ఉందన్నట్టు ఓ మాటనేసి ఆవిడ వెళ్లిపోయింది. వైర్లు కొన్ని తిరగేసి కలిపామని తెలుసుకుని సరిచేశాక ముఖం కనిపించింది.

ఆ పెట్టె పట్టుకుని మరుసటి ఏడాది శాసన్ కంపెనీలో విభాగం తర్వాత విభాగానికి తిరిగాడు. ఇది ఎలా పనిచేస్తుందని అడుగుతారని సిద్ధపడి వెళితే వాళ్లు అడిగినవి వేరు. ఫొటోను టీవీలో చూడాలని ఎవరికి ఉంటుంది? కాగితం మీద ఫొటో వందేళ్లుగా ఉంది, దాని మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా? మరి ఆల్బమ్ సంగతేమిటి? ఇది జనం చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? పదిహేను, ఇరవయ్యేళ్లని శాసన్ అంచనా చెప్పాడు.

ఇప్పుడు ఆ గదిలో కూర్చున్నవాళ్ల వైపు నుంచి చూడండి. అమెరికాలో అమ్ముడయ్యే ఫిల్మ్‌లో 90 శాతం దాకా ఆనాడు కొడాక్‌దే. కెమెరా చవగ్గా ఇచ్చి ఫిల్మ్ మీద, కాగితం మీద, రసాయనాల మీద సంపాదించడం వాళ్ల పద్ధతి. మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు 36 ఫొటోల రీలు అయిపోతుందేమోనని ఆచితూచి నొక్కిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ ప్రతి నొక్కుకీ రీలు కంపెనీకి ఎంతో కొంత ముట్టేది. అలాంటి కంపెనీలో శాసన్ ‘ఫిల్మ్ లేని ఫొటోగ్రఫీ’ అని పేరు పెట్టి మరీ తన పరికరం చూపించాడు. కల్లు దుకాణంలో నిలబడి మద్యనిషేధం గురించి ఉపన్యాసం ఇచ్చినట్టయింది.

కొడాక్ నిద్రపోయింది, మునిగిపోయింది అని చెప్పే కథ సగమే నిజం. 1978లో శాసన్ కెమెరాకు పేటెంటు వచ్చింది, దాని మీద కంపెనీ తర్వాత బోలెడు సంపాదించింది. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాలు ఎక్కువగా అమ్మిందీ కొడాకే. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. నా దృష్టిలో 1976లో వద్దన్నవాళ్లు మరీ తప్పు మాటేం అనలేదు. ఆ పెట్టెను అప్పుడు ఎవరు కొంటారు? వాళ్లు ‘ఇప్పుడు కాదు’ అన్నారు సరే, మళ్లీ ఎప్పుడు చూద్దామన్నదానికి ఓ గడువు పెట్టుకున్నట్టు కనిపించదు. ఏది ఎంత చవకైతే, ఏది ఎంత మెరుగైతే దీన్ని మళ్లీ బల్ల మీదకు తేవాలో రాసుకున్నట్టూ కనిపించదు. 1989లో శాసన్, తోటి ఇంజనీరు కలిసి ఇంకా మంచి డిజిటల్ కెమెరా తయారుచేసి చూపిస్తే మళ్లీ అదే జవాబు. కారణమూ అదే, ఫిల్మ్ అమ్మకాలు దెబ్బతింటాయని.

జపాన్‌లో ఫూజీ కంపెనీకీ ఫిల్మే జీవనాధారం. అక్కడ పగ్గాలు చేపట్టిన కొమోరి షిగెతాకా తమకు చేతనైన విద్యలేమిటో జాబితా వేయించాడు. ఫిల్మ్‌లో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్. ఫొటో రంగు వెలిసిపోకుండా ఆపే రసాయనాలూ వాళ్లకు తెలుసు. మనిషి చర్మానికి పనికొచ్చేవీ అవేనని చెప్పి 2007లో ముఖానికి రాసుకునే క్రీములు అమ్మారు. ఎల్‌సీడీ తెరల్లోకి కావాల్సిన పల్చటి పొరలు చేశారు. ఇదంతా నొప్పి లేకుండా జరగలేదు, వేలమంది ఉద్యోగాలు పోయాయి. కానీ ‘ఫిల్మ్ పోతే మనమేం తినాలి’ అన్న ప్రశ్నను దాచిపెట్టకుండా దానికే జవాబు వెతికారు.

అన్ని అడ్డంకులూ డబ్బు లెక్కవే కావు. అంటించి పీకేసే పసుపు చీటీలను 3ఎం కంపెనీ 1977లో నాలుగు ఊళ్లలో అమ్మకానికి పెడితే పెద్దగా ఎవరూ కొనలేదు. మరుసటి ఏడాది బాయిసీ అనే ఊళ్లో ఊరికే పంచిపెట్టారు. వాడి చూసినవాళ్లలో తొంభై శాతానికి పైగా కొంటామన్నారు. అక్కడ కావాల్సింది వాదన కాదు, సరుకు చేతిలో పెట్టడం.

మన దగ్గరికొస్తే, కిరాణా కొట్టులో కంప్యూటరు బిల్లింగ్ పెడదామని కొడుకు అంటాడు. ‘ఇప్పుడెందుకురా’ అంటాడు తండ్రి. అసలు అడ్డం పడేది గుమాస్తా. ఇరవయ్యేళ్లుగా ఎవరి అరువు ఎంతో, ఎవరు ఏ తారీఖుకి ఇస్తారో అంతా ఆయన తలలోనే ఉంది. ఆ కొట్లో ఆయన పరపతంతా అదే. కంప్యూటరు వస్తే అది పోతుంది. ఈ సంగతి ఆయన పైకి చెప్పడు, కరెంటు పోతే ఎలాగంటాడు. కొడుకు వెళ్లి ఇన్వర్టరు కొనుక్కొస్తాడు. అప్పుడు గుమాస్తా ఇంకో వంక చెబుతాడు.

కొడుకు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ‘మీరు చెప్పండి బాబాయ్, నేను ఎక్కిస్తాను’ అని అరువు ఖాతాలతోనే మొదలుపెడితే పని నడుస్తుంది. అరువు అడగొచ్చినవాడికి ఇవ్వాలా వద్దా అన్న తీర్పు మాత్రం గుమాస్తాదేనని ముందే చెప్పాలి. తండ్రితో కూడా వాదన అక్కర్లేదు. ‘ఇప్పుడు కాకపోతే దసరా సీజను అయ్యాకా నాన్నా?’ అని అడిగి, ఆయన చెప్పిన తేదీని గల్లాపెట్టె పక్కనున్న క్యాలెండరు మీద ఆయన చేతే రాయించుకుంటే చాలు.