పెంచే ఇంటికి ఊరి అండ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న (ధర్మవరం): మా వీధిలో ఒక నేత కుటుంబంలో తల్లిదండ్రులిద్దరూ పోయారు. పిల్లలిద్దరూ అవ్వ దగ్గరున్నారు. చందా వేసి ఇద్దామా, హోమ్‌లో చేర్పిద్దామా?

జవాబు: చందా నెలకో రెండు నెలలకో వస్తుంది, పెంపకం ఏళ్ల తరబడి సాగేది. ఇక హోమ్ అన్నది, 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, వేరే దారేదీ లేనప్పుడు మాత్రమే. అవ్వ పెంచగలిగినంత కాలం పిల్లలు అవ్వ దగ్గరే ఉండాలి. ఊరు నిలబెట్టాల్సింది ఆ ఇంటినే. ఇలాంటి ఇళ్ల కోసమే బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ ఉంది. మంజూరైతే ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో రూ.72,000, ఇతర చోట్ల రూ.96,000 దాటకూడదు. అర్జీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చేరాలి.

చదువురాని అవ్వకు అడ్డుపడేవి కాగితాలే: మరణ ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా. వీధిలో చదువుకున్నవారొకరు ఆమె వెంట సచివాలయానికి వెళ్లి, అర్జీ తేలేదాకా వదలకుండా తిరిగితే అది ఏ చందాకన్నా పెద్ద సాయం. అవ్వకు జ్వరమొచ్చిన రోజు పిల్లలకు అన్నం పెట్టే ఇల్లు ఏదో ముందే అనుకుని ఉండాలి. బడి మీటింగుకు ఎవరో ఒకరు వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, దిక్కులేని పిల్లలు కదా అని కండెలు చుట్టడానికో, మగ్గం దగ్గర సాయానికో పిలవకూడదు. బడి మాన్పించి పని ఇవ్వడం దయ కాదు, ఆ బిడ్డ చదువును కాజేయడమే.

ప్రశ్న (హిందూపురం): రైల్వే స్టేషన్‌లో ఒంటరి బిడ్డ కనబడితే ఇంటికి తీసుకెళ్లి పెంచుకోవచ్చా?

జవాబు: కూడదు, వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పాలి, 24 గంటల్లోపు తెలపకపోవడం నేరం.

ప్రశ్న (పెనుకొండ): హోమ్‌లో ఉన్న బిడ్డను మా ఇంట్లో పెంచాలని ఉంది. తర్వాత దత్తత ఇస్తారా?

జవాబు: మీరడిగింది ఫోస్టర్ కేర్, అంటే దత్తత కాకుండా బిడ్డను ఇంట్లో ఉంచుకుని పెంచడం. ఇంటిని విచారించి బిడ్డను అప్పగించేది బాలల సంక్షేమ సమితి. ఆ తర్వాత నెలనెలా తనిఖీ ఉంటుంది. చదువు, వైద్యం, పోషణ పెంచేవారి బాధ్యత. తోబుట్టువులుంటే వీలైనంతవరకు ఒకే ఇంట ఉంచాలన్నది చట్టం. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరి వ్యక్తులూ ముందుకు రావచ్చు. ఒంటరి పురుషులకు మాత్రం మగపిల్లలనే ఇస్తారు. దత్తతకు చట్టపరంగా అర్హత ఉన్న బిడ్డ రెండేళ్లు ఆ ఇంట పెరిగితే దత్తత కోరే వీలుంది. కానీ దత్తత ఆశతోనే మొదలుపెట్టేవారు ఆగి ఆలోచించాలి. కన్నవారుంటే, సమితి వద్దంటే తప్ప, వచ్చి చూసుకోవచ్చు. వారి పరిస్థితి కుదుటపడితే బిడ్డ తిరిగి వెళ్లవచ్చు. ఆ రోజు బిడ్డ బట్టలు తామే సర్ది పంపగలమనుకున్నవారే ముందుకు రావాలి. చుట్టుపక్కలవారు ఆ బిడ్డను 'తెచ్చుకున్న పిల్ల' అని పిలవకపోవడం కూడా ఆ కుటుంబానికి సాయమే.

ప్రశ్న (హిందూపురం): మా అబ్బాయి పుట్టినరోజుకు హోమ్‌లో భోజనాలు పెట్టి ఫొటోలు దిగవచ్చా?

జవాబు: భోజనం పెట్టవచ్చు, కానీ అక్కడి పిల్లల ముఖాలు, పేర్లు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రూ.2 లక్షల దాకా జరిమానా పడవచ్చు.