మూలపడ్డ కంప్యూటర్‌లో మారియో, కాంట్రా: చిట్కాలు

ఎండాకాలం సెలవులొస్తే చందర్లపాడు ఎండకి మధ్యాహ్నం పూట పిల్లల్ని గుమ్మం దాటనివ్వలేం. ఫోన్ లాక్కుంటే ఏడుపు. అందుకని మన చిన్నప్పుడు టీవీకి తగిలించి, కేసెట్ గుచ్చి ఆడిన వీడియో గేములే ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో పెట్టివ్వండి వదినా. ఇవన్నీ నేను చేసి చూసినవే.

1. ఈ ఆటల కోసమని కొత్త కంప్యూటర్ కొనకండి. 1985 నాటి సూపర్ మారియో మొత్తం కలిపి 40 కేబీ, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే గుడ్ మార్నింగ్ బొమ్మంత కూడా ఉండదు. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా చాలు.

2. ప్లేస్టేషన్ 2 ఆటలకైతే ఆ డబ్బా సరిపోదు, 8 జీబీ ర్యామ్, కాస్త మంచి గ్రాఫిక్స్ ఉండాలి. ముందు చిన్న ఆటలు పెట్టండి, పిల్లలు వాటినే వదలరు.

3. కంప్యూటర్‌ని పాత వీడియో గేమ్‌లాగా పనిచేయించే సాఫ్ట్‌వేర్ పేరు ఎమ్యులేటర్. రెట్రోఆర్క్ ఒక్కటి వేసుకుంటే రకరకాల వీడియో గేములు అందులోనే నడుస్తాయి, అదీ ఉచితంగా. దాని సొంత సైట్ నుంచే దించుకోండి, దానికి డబ్బులడిగేవాడు ఎవడైనా సరే మోసగాడే.

4. పీఎస్‌పీ ఆటలకి పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ పెట్టుకోండి, మిగతా కొన్నిటిలా అసలు యంత్రం తాలూకు బయోస్ ఫైలు కోసం వెతుక్కునే పని ఉండదు. అందులో గోల్డ్ అని డబ్బులకి దొరికేదీ ఉచితంగా వచ్చేదీ ఆటలో ఒకటే; చేసినవాళ్లకి సాయం చేద్దామనిపిస్తేనే కొనండి.

5. నెట్‌లో ఊరికే దొరికిన ఆటల్నల్లా దించకండి. వాటికి హక్కుదారులున్నారు, పైగా వైరస్ భయం. పాత కేసెట్ ఆట అని చెప్పి ఫైలు పేరు చివర ‘ఈఎక్స్ఈ’ అని ఉంటే అస్సలు ముట్టుకోవద్దు.

6. కాంట్రా కావాలంటే కొనామీ కంపెనీ 2019లో తెచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్లో ఉంది. తొందరపడకుండా సేల్ పెట్టిందాకా ఆగండి, మనం చీరలకి ఆగమూ?

7. అటక మీద మీవే ప్లేస్టేషన్ డిస్కులుంటే కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో పెట్టి హార్డ్ డిస్కులోకి కాపీ తీసుకోండి, గీతలు పడ్డా బెంగ ఉండదు. ముందు మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు.

8. ఆ డిస్కుల్లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ గానీ ‘దేశీ అడ్డా’ గానీ కనపడితే పాత సామాన్లవాడికి వేసేయకండి. రెండూ 2009లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చాయి, రెండూ మన హైదరాబాద్‌లో తయారైనవే. మొదటిది అరోనా వాళ్లది, రెండోది గేమ్‌శాస్త్ర వాళ్లది. దేశీ అడ్డాలో కబడ్డీ, గాలిపటాలు, మన బిళ్లంగోడు ఉన్నాయి, పిల్లల పక్కన తాతగారు కూడా వచ్చి కూర్చుంటారు.

9. చవక కీబోర్డులో మూడు బటన్లు ఒకేసారి నొక్కితే ఒకటి పలకదు, పిల్లలు కీబోర్డు పాడైందంటారు. ఎగరడం, కాల్చడం కంట్రోల్, షిఫ్ట్ బటన్లకి మార్చండి, చాలావరకు సర్దుకుంటుంది.

10. ఇద్దరు ఒకే కీబోర్డు మీద పడి తన్నుకోకుండా ఒకరికి జాయ్‌స్టిక్ ఇవ్వండి. ప్లేస్టేషన్ 2 పాతది ఉంటే యూఎస్‌బీ కన్వర్టర్ ఒక్కటి కొంటే సరి, కొత్తది అక్కర్లేదు.

11. మన కరెంటు సంగతి తెలుసుగా! రెట్రోఆర్క్‌లో ఎఫ్2 నొక్కితే ఆట ఉన్నచోటే సేవ్ అవుతుంది, ఎఫ్4 నొక్కితే అక్కడికే తిరిగొస్తుంది. లెవెల్ దాటినప్పుడల్లా నొక్కమని అలవాటు చేయండి, కరెంటు పోయిన ప్రతిసారీ మొదటికొచ్చే గోల తప్పుతుంది.

12. బాతుల్ని కాల్చే ఆటలో పాత తుపాకీ డొప్ప టీవీకి తప్ప కొత్త తెరలకి పనిచేయదు, దానికోసం వెతక్కండి. సెట్టింగుల్లో జాపర్ (ఆ తుపాకీ పేరే) అన్నచోట మౌస్ పెడితే గురి చూసి కొట్టొచ్చు.

13. తెర నిండా సాగదీస్తే మారియో పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. నిష్పత్తి 4:3 పెట్టండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనీయండి.

14. పెద్ద టీవీకి తగిలించాక బటన్ నొక్కిన కాసేపటికి గెంతుతుంటే టీవీలో గేమ్ మోడ్ వేయండి. చాలా టీవీల్లో ఉంటుంది, మెకానిక్‌ని పిలవక్కర్లేదు.

15. కళ్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో సీపీయూని నేల మీద పెట్టొద్దు, స్టూలెక్కించండి. దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ పీకేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని పెయింట్ బ్రష్‌తో మెల్లగా లాగండి. దుమ్ము పోతే వేడెక్కదు, రిపేరు ఖర్చు మిగులుతుంది.

16. మధ్యాహ్నం మీరు నడుం వాల్చే వేళకి హెడ్‌ఫోన్స్ పెట్టించండి, ఆ టింగు టింగు పాట మీ చెవిన పడదు.