రంపం చివర్లో కొను

చిరంజీవి అల్లుడికి,

చెట్ల పనిలో చేరానని, మంచి చైన్ సా ఏ కంపెనీదో చెప్పమని రాశావు. కంపెనీ పేరు తర్వాత చూద్దాం. నీ దగ్గరున్న డబ్బుతో అన్నిటికన్నా చివర కొనాల్సింది రంపం. చెట్టు మీద మనిషిని నిలబెట్టేది తాడు కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను.

మన పెద్దలు తాటిచెట్లు ఎక్కింది మోకు, ముత్తాదుతో. తాటిమానుకు కొమ్మలుండవు గనుక మోకు కిందినుంచి మొవ్వు దాకా అడ్డులేకుండా జరుగుతుంది. వేపో చింతో అయితే మొదటి పంగ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని విప్పి, పంగ దాటించి, మళ్లీ కట్టుకోవాలి. మనుషులు పడేది ఆ విప్పిన కాసేపట్లోనే. అందుకే కొమ్మల చెట్టెక్కేవాడికి రెండు కట్లు కావాలి. పైన గట్టి పంగ మీదుగా దిగే పొడుగు తాడు ఒకటి, నడుం దగ్గర మానును చుట్టే పొట్టి తాడు ఇంకొకటి. ఒకటి పడ్డాకే రెండోది విప్పాలి. చేతిలో రంపం ఆడుతుంటే రెండూ పడి ఉండాల్సిందే, ఎందుకంటే తాడును తెంపేది చాలాసార్లు మన రంపమే. పొట్టి తాళ్లలో లోపల ఉక్కు తీగ ఉన్నవి దొరుకుతాయి. అవి అస్సలు తెగవని అనుకోకు, తెగేలోపు చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి మాత్రం ఇస్తాయి.

గీత కార్మికులకు 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్ష’ పేరుతో చెట్టెక్కే భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్ని ఇళ్లల్లో దీపాలు ఆరిపోయాక వచ్చిందో తలుచుకుంటే ఆలస్యమే, అయినా మంచి పని. అయితే అవి తాటి, ఈత మాన్ల కోసం చేసినవి. వాటితో నిద్రగన్నేరు ఎక్కబోకు.

ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావులో, చెట్ల పనికనే నేసినది కొను. రోజూ ఎక్కేముందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేళ్ల మధ్య జారవిడుస్తూ చూడు. ఎక్కడైనా మెత్తగా నొక్కుకుపోయినా, పీచు లేచినా, ఎండకు పెళుసెక్కినా దాన్ని ముక్కలు చేసి పారెయ్. ముక్కలు ఎందుకంటే, అలాగే పారేస్తే ఇంకెవడో ఏరుకుని ఎక్కుతాడు. పెట్రోలు డబ్బా పక్కన, బ్యాటరీ పక్కన తాడు పెట్టకు. ఎక్కే తాడుతో కొమ్మలు దించొద్దు, దించే తాడుతో ఎక్కొద్దు. దించే తాడు మీద పడే బరువు వేరు. వంద కిలోల దుంగ కదలకుండా వేలాడితే తాడు మీద పడేది వంద కిలోలే. అదే దుంగ మీటరు కిందికి పడి తాడుకు తగిలి ఆగితే ఆ కుదుపు వందకు ఎన్నో రెట్లు ఉంటుంది. అలాంటి దెబ్బలు తిన్న తాడు పైకి బాగానే కనిపిస్తుంది.

కింద తాడు పట్టేవాణ్ణి కూలివాడిగా చూసే మేస్త్రీలున్నారు. నా లెక్కలో వాడు సగం మేస్త్రీ. తాడును మాను మొదట్లో రెండుమూడు చుట్లు తిప్పి, ఆ ఒరిపిడి మీద బరువును మెల్లగా వదలాలి. చేతికి తాడు చుట్టుకున్నవాడి వేళ్లు పోతాయి, ఒక్కోసారి మనిషే పైకి లేచిపోతాడు. నువ్వు మొదట నేర్చుకోవాల్సిన పని అదే. కింద నిలబడి కొమ్మ ఎటు ఊగుతుందో, ఎంత బరువు వస్తుందో చూసిచూసి కన్ను తయారైతే పైకెక్కాక బెదురుండదు.

తాడు తర్వాత బట్టలు. కాళ్లకు వేసుకునే చైన్ సా కవచంలో పొడుగు పీచు పొరలుంటాయి. గొలుసు తగలగానే ఆ పీచు బయటికొచ్చి పళ్లచక్రానికి చుట్టుకుని రంపాన్ని ఆపేస్తుంది. జీన్స్ ప్యాంటు ఆ పని చెయ్యదు, లుంగీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మూతలు కావాలి. చైన్ సా మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. మా తోటివాళ్లలో సగంమందితో ఇప్పుడు మాట్లాడాలంటే అరవాలి.

ఇక నువ్వు అడిగిన రంపం. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. గొలుసు బ్రేకు పెట్టింది అందుకే. పని మొదలుపెట్టేముందు అది పడుతోందో లేదో చూసుకో. పై పిడి ఉన్న చిన్న రంపం చెట్టెక్కి కోసేవాళ్ల కోసం చేసింది. దాన్ని ఒంటిచేత్తో ఆడించడం గొప్పగా చూపిస్తారు. రెండు చేతులూ పడితేనే అది నీ మాట వింటుంది. పదును సంగతి పొట్టే చెబుతుంది. చెక్క పెచ్చులుగా రాలితే గొలుసు బాగున్నట్టు, పిండిలా రాలితే ఆకురాయి పట్టాల్సిన వేళ వచ్చినట్టు. చాలా మిషన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ సరిపోతుంది, అయినా మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసే కలుపు.

కోత ఎక్కడ పెట్టాలన్నది అసలు విద్య. లావు కొమ్మను పైనుంచి ఒకేసారి కోస్తే సగంలో విరిగి, మాను బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పోతుంది. అందుకే మూడు కోతలు. మానుకు అడుగు దూరంలో కిందినుంచి పావువంతు లోతు ఒకటి, దానికి కాస్త అవతల పైనుంచి పూర్తిగా రెండోది. బరువు పోయాక మిగిలిన మోడును మాను దగ్గర తీసెయ్యడం మూడోది. ఆ మూడోదాన్ని మానుకు అంటగొరిగితే తప్పు, జానెడు మోడు వదిలినా తప్పే. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూడు, దానికి బయటగా కొయ్యాలి. గాయాన్ని మూసే శక్తి ఆ ఉబ్బులోనే ఉంది.

ఈ సంగతి లోకానికి విప్పి చెప్పినవాడు అలెక్స్ షైగో (1930–2006), అమెరికా అటవీశాఖలో శాస్త్రవేత్త. చెట్లను నిలువునా చీల్చి లోపల కుళ్లు ఎలా పాకుతుందో చూశాడు. మన చర్మంలా చెట్టు గాయాన్ని మాన్పుకోదని, కుళ్లిన భాగం చుట్టూ గోడలు కట్టి దాన్ని అక్కడే బంధిస్తుందని తేల్చాడు. కోత మీద తారు పూస్తే కుళ్లు ఆగదనీ చూపించాడు. మన దగ్గర ఇప్పటికీ తారు డబ్బా పట్టుకుని తిరిగేవాళ్లున్నారు. తొర్రల్లో సిమెంటు నింపేవాళ్లూ ఉన్నారు. 1901లో ‘ది ట్రీ డాక్టర్’ పుస్తకం అచ్చేసిన జాన్ డేవీ కాలంలో అది గొప్ప వైద్యం. ఇప్పుడు కాదు. తల నరికి మోళ్లు నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ మోళ్లనుంచి గుంపుగా లేచే కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగేళ్లలో అవే జనం మీద విరిగిపడతాయి.

చెట్టు వైద్యం మన గడ్డ మీదే చూడాలంటే ఒకసారి మహబూబ్‌నగర్ వెళ్లిరా. అక్కడి పిల్లలమర్రి సుమారు ఏడువందల ఏళ్లదని చెబుతారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలాక చూస్తే చెదలు లోపలంతా తిన్నాయి. మందు ఎక్కిస్తే చెట్టులో నిలవలేదు. 2018లో అటవీశాఖవాళ్లు పలచన చేసిన క్లోరిపైరిఫాస్‌ను సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మల వెంట వేలాడదీసి, బొట్టుబొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టారు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దగ్గరైతే లేత ఊడల్ని ఎరువు మట్టి నింపిన వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతారు. దిగిన ఊడ కొన్నేళ్లకు స్తంభమవుతుంది. ఆ రెండుచోట్లా రంపానికి పెద్దగా పని లేదు, గమనించు.

బండ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. బకెట్ లిఫ్ట్ బండి దొరికితే ఎండిపోయిన చెట్టును ఎక్కకు, బకెట్‌లోంచే కొయ్యి. బండి కాళ్ల కింద మందపాటి చెక్కలు వెయ్యి, మ్యాన్‌హోల్ మూత మీద కాలు పడకుండా చూడు. హైడ్రా క్రేన్ దుంగలు ఎత్తడానికి మంచిదే గానీ దానికి నిలకడ కాళ్లు ఉండవు, బూమ్ చాచి బరువెత్తితే ముందుకు ఒరుగుతుంది. జేసీబీ తొట్టిలో మనిషిని నిలబెట్టి పైకెత్తడం ప్రతి ఊళ్లో చూస్తావు. నువ్వు మాత్రం ఎక్కకు. రెమ్మలు నమిలే చిప్పర్‌కు కొమ్మను మొదటివైపునుంచి అందించి పక్కకు జరిగి నిలబడాలి. ఇరుక్కుంటే చేత్తో, కాలితో తొయ్యకూడదు, ఇంకో కొమ్మతో తొయ్యి. వదులు చేతులున్న చొక్కా వేసుకున్నవాణ్ణి దాని దగ్గరికి రానివ్వకు.

తుఫాను చెట్లు వేరే చదువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రోడ్లన్నీ కూలిన చెట్లే. చూసినవాళ్లంతా రంపాలు పట్టుకుని దిగారు. నేలమీద పడి ఉన్న చెట్టు చచ్చిన పాములా కనిపించినా దానిలో బిగువు ఉంటుంది. వంగి ఇరుక్కున్న మానుకు ఒక పక్క నొక్కుడు, ఇంకో పక్క లాగుడు. లాగుడు పక్కన ఒకేసారి లోతుగా కోస్తే చీలి ఎగిరి కొడుతుంది. ముందు నొక్కుడు పక్కన కొద్దిగా కోసి, తర్వాత రెండో పక్కకు రావాలి. వేళ్లతో సహా లేచిన చెట్టు మొదలు కోస్తే ఆ వేళ్ల దిబ్బ మట్టితో సహా మళ్లీ గుంటలోకి పడుతుంది. ఆ గుంటలో పిల్లలు ఆడుకుంటుంటే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

చెట్టు మొత్తం తీసెయ్యమని ఎవరైనా అడిగితే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కాగితం ఉందా అని అడుగు. ఎక్కేముందు తేనెపట్టు, కందిరీగల గూడు, పక్షి గుడ్లు ఉన్నాయేమో కిందినుంచే చూడు.

ఇక కరెంటు తీగ. 11 కేవీ లైను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే పట్టుకుంటుంది. పచ్చి కొమ్మ తగిలినా అంతే. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, లైన్‌మన్ నీ కళ్లముందు ఎర్తింగ్ వేశాకే పైకెక్కు. “కరెంటు పోయింది, కానివ్వు” అని ఫోన్‌లో చెబితే నమ్మకు, ఎవరింట్లోనో జనరేటర్ ఆడితే కూడా తీగలోకి కరెంటు వెనక్కి రావచ్చు. ఎల్‌సీ లేకుండా ఎక్కమనే మేస్త్రీ దగ్గర ఆ రోజు కూలి పోయినా సరే, ఆ క్షణమే పని మానేసి ఇంటికి రా.

ఆశీస్సులతో,
నీ మేనమామ